నీడలోని లెక్క, ఎండలోని బతుకు

రోజూ పత్రికలలో అచ్చయ్యే ఉష్ణోగ్రత ఎండలో కొలిచినది కాదు. వాతావరణ శాఖ ఉష్ణమాపకం నేలకు నాలుగడుగుల పైన, గాలి ఆడే తెల్లని పెట్టెలో, నీడన ఉంటుంది. అది 44 డిగ్రీలు చూపిన రోజున మాచర్ల ప్రాంతంలో నాపరాయి కొట్టే కూలీకి పైనుంచి ఎండ, కిందనుంచి బండ సెగ, పక్కనుంచి వడగాడ్పు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల వద్ద వీటికి బట్టీ వేడి కూడా తోడవుతుంది.

2022లో విడిపోయిన పాత గుంటూరు జిల్లాలో ఈ తేడా మరింత స్పష్టం. పల్నాటి రెంటచింతల పొడి ఎండకు పేరుపడింది. అక్కడ చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒంట్లో నీరు ఎంత పోయిందో మనిషికి తెలియదు. బాపట్ల, రేపల్లె తీరాన డిగ్రీలు తక్కువే. కాని గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉక్కపోతలోనూ వడదెబ్బ తగులుతుంది. అందుకే వడగాడ్పులను నిర్ణయించడానికి వాతావరణ శాఖ మైదానాలలో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు కనీస ప్రమాణంగా పెట్టుకున్నది.

ఒకే ఊళ్ళోనైనా వేపచెట్టు నీడ, రేకుల షెడ్డు నీడ ఒకటి కావు. రేకు తాను కాగి కింద ఉన్నవారిపై సెగ కురిపిస్తుంది. చెట్టు ఆకులనుంచి నీరు ఆవిరై చల్లదనమిస్తుంది. రోడ్డు వెడల్పు కోసం చెట్లు కొట్టి, ప్రయాణికులకు రేకుల పంచ వేస్తే నీడ ఇచ్చినట్లు కాదు.

2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలైనారు. వారిలో వృద్ధులు, రోజుకూలీలు ఎక్కువ. పనికి పోతేగాని పొయ్యి వెలగని మనిషికి “మధ్యాహ్నం బయటకు రావద్దు” అన్నది సగం సలహాయే. మిగతా సగం పని ఇచ్చేవారి చేతిలో ఉన్నది.

ఉపాధి పనులైనా, క్వారీలైనా, మిరప కల్లాలైనా వేసవిలో పని తెల్లవారుజామున మొదలై పదిగంటలకల్లా ఆగాలి. ఆ కారణాన కూలి కోయరాదు. పనిచోట తాటాకు పందిరి, కుండ నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ ఉండాలి. తీరంలో ఆ పందిరికి నాలుగువైపులా గాలి ఆడాలి. శరీరం ఎండకు అలవాటు పడటానికి వారం, పదిరోజులు పడుతుంది కనుక కొత్తగా వచ్చినవారికి మొదట్లో తేలిక పని ఇవ్వాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసరుతూ 108కు కబురు చేయాలి. స్పృహలేనివారి నోట నీళ్ళు పోయరాదు.

చలివేంద్రం తెరిచినంత మాత్రాన పంచాయతీల బాధ్యత తీరదు. ఏ పనిచోట నీడ లేదో, ఏ బస్సు స్టాపులో చెట్టు లేదో ఊరివారికి తెలుసు. ఆ జాబితా మాఘమాసంలోనే తయారు కావాలి. ఎండలు ముదిరిన తరువాత వేసే పందిరి కొందరికి ఆలస్యమైపోతుంది.