పరుల తాత

డర్బను నగరమునుండి యొక తెలుఁగుపడుచు తన పూర్వికుని స్వగ్రామమును వెదకిపెట్టుఁడని మావారికి జాబు వ్రాసినది. ఆయనకు బడిపని; ఈ పని నాపైఁ బడినది.

1860 మొదలు 1911 వఱకు దక్షిణాఫ్రికాలోని నేటాలునకుఁ గూలికిఁ బోయినవారి పేర్లు ఓడపట్టికలలోఁ గలవు. వయస్సు, తండ్రిపేరు, గ్రామము నుండును. ఇంటిపేరు మాత్రము తఱచుగా నుండదు. ఆ చిన్నది యంతర్జాలమున వంశవృక్షము నాటఁగా, "ఈ అప్పన్నయే మీవాఁడు కావచ్చు"నని యంత్రము సూచించెనఁట. ఆమె సరేయని మీట నొక్కెను. క్షణములో నెవరివో నాలుగు తరములు వచ్చి యంటుకొనెను! సింహాద్రి అప్పన్న కొలువున్న విశాఖపట్టణపు సీమలో ఆ పేరు వీధికి నలుగురికుండును. పేరును వయస్సును పోల్చు యంత్రమున కది యేమి తెలియును?

ఆ పట్టిక ప్రతిని పంపుమంటిని. అందుఁ దండ్రిపేరు రామన్న. వారి నాయనమ్మ చెప్పునది సింహాద్రి. తొంబదేండ్ల యా వృద్ధురాలు కొత్త వృక్షమును జూచి, "మా తాత నెక్కడ దాఁచితి"రని కంటఁ దడిపెట్టినదఁట.

ముందుగా నాయనమ్మ చెంతఁ గూర్చుండి, ఆఁడువారి పుట్టినింటి పేర్లతో సహా వ్రాసికొమ్మని బదులు వ్రాసితిని. అవి యే పట్టికలోను దొరకవు. ఆ కొమ్మను ఆమె తొలఁగించినది. అప్పటికే మఱి మువ్వురు దానిని తమ వృక్షములలోనికి ఎత్తివ్రాసికొనిరి.