కోటా బియ్యం, బడి భోజనం, అంగన్‌వాడీ గుడ్డు: అన్నీ ఒక్క కార్డు మీదకు రావాలి!

కంచరపాలెం మెట్టు, ఊర్వశి జంక్షన్, జ్ఞానాపురం, మర్రిపాలెం, రైల్వే న్యూకాలనీ అక్కచెల్లెళ్లారా! పోర్టు కళాసీలారా! స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కార్మికులారా!

మన ఇంట్లో పొయ్యి ఒక్కటే. దానికోసం మనం ఎక్కే సర్కారు గుమ్మాలు మాత్రం నాలుగు. డిపోలో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ఢిల్లీలోని ఆహార శాఖ లెక్క. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు, ఆరేళ్లలోపు పిల్లలకు పెట్టేది మహిళా శిశు సంక్షేమ శాఖ లెక్క. బడి భోజనం విద్యాశాఖది. అయిదు రూపాయల అన్న క్యాంటీన్ రాష్ట్రం నడుపుకుంటున్నది. బడి వంట ఖర్చులో ప్రతి రూపాయికి కేంద్రం 60 పైసలు పెడితే రాష్ట్రం 40 పెడుతుంది. అంగన్‌వాడీ పౌష్టికాహారానికి చెరిసగం. ఒక పద్దులో మిగిలింది పక్క పద్దుకు చేరదు, ఒక శాఖ రాసుకున్న పేరు ఇంకో శాఖకు తెలియదు.

దీని దెబ్బ ఎవరి మీద పడుతోందో వేసవి సెలవుల్లో చూడండి. బడిలో చిన్న తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్లకు 150 గ్రాములు, దాంతోపాటు పప్పు, కూర, గుడ్డు. బడి మూసిన రోజునే అవన్నీ ఆగిపోతాయి. తల్లి కార్డులో ఒక్క గింజ పెరగదు. నాన్న కూలికి, అమ్మ ఇళ్లలో పనికి పోతే ఆ మధ్యాహ్నం పిల్లలు ఏం తింటున్నారు? కరువు ప్రాంతాల్లో సెలవుల్లోనూ భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మన వాడలు కరువు మండలాల జాబితాలో ఉండవు కదా!

కుదరదని మాత్రం ఎవరూ అనొద్దు. 2020లో కరోనాకు బడులు మూస్తే అదే బడి బియ్యం, గుడ్లు, చిక్కీలు మన రాష్ట్రంలో పిల్లల ఇళ్లకు చేరాయి. ఆ ఏడాది చేతనైన పని ప్రతి ఏప్రిల్‌లో ఎందుకు చేతకాదు?

ఒడిశా నుంచి వచ్చి మన పక్కనే ఉంటున్న కూలివాళ్ల సంగతీ చెప్పుకోవాలి. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు కింద వాళ్లకు ఇక్కడి డిపోలో కేంద్రం బియ్యం దొరుకుతుంది. మన రాష్ట్రం తన కార్డుదారులకు ఇచ్చే సరుకులు మాత్రం దొరకవు. ఇక కేంద్రం కోటా ఇప్పటికీ 2011 జనాభా లెక్కల దగ్గరే ఆగింది. అందులో పట్టని కార్డులకు బియ్యం ఖర్చు మన రాష్ట్రమే మోస్తోంది.

పేదవాడి కంచం గురించి ఢిల్లీ కంటే ముందు ఆలోచించింది రాష్ట్రాలే. 1982లో తమిళనాడు బడి భోజనాన్ని రాష్ట్రమంతటా పెట్టింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 2012లో ఛత్తీస్‌గఢ్ సొంతంగా ఆహార భద్రత చట్టం చేసుకుంది. దేశమంతటికీ చట్టం వచ్చింది ఆ తర్వాత, 2013లో. అలాంటి రాష్ట్రాలకు ఈ పథకాలను కలిపి నడిపే వీలు ఇవ్వడానికి కేంద్రానికి అభ్యంతరం ఏమిటి? చోడి అంబలి తాగి పెరిగిన ఉత్తరాంధ్రలో బియ్యంలో కొంత బదులు చోళ్లు, కందిపప్పు, నూనె కావాలన్న ఇంటికి అవే ఇవ్వనివ్వాలి. సెలవుల్లో బడి వాటా తల్లి కార్డుకు జమ కావాలి. కడుపుతో ఉన్న ఆడపిల్ల పుట్టింటికి వస్తే అంగన్‌వాడీ వాటా ఏ కాగితమూ అడగకుండా ఆమె వెంటే రావాలి.

అయితే జాగ్రత్త! కలపడం పేరుతో కోత పెడితే ఒప్పుకోం. అమెరికాలో 1996లో పేద కుటుంబాల నగదు సాయాన్ని ఏటా 1,650 కోట్ల డాలర్ల దగ్గర బిగించి, ఎలా వాడాలో మీ ఇష్టమని రాష్ట్రాలకు ఇచ్చారు. ధరలు పెరిగినా ఆ మొత్తం పెరగలేదు. చాలా రాష్ట్రాలు అందులో పెద్ద భాగాన్ని వేరే ఖర్చులకు మళ్లించాయి. అంత దూరం ఎందుకు, మన యానాం ఉన్న పుదుచ్చేరినే చూడండి. 2015 నుంచి బియ్యం బదులు బ్యాంకులో డబ్బు వేశారు. ఎన్నికైన ప్రభుత్వం బియ్యమే ఇస్తామని పట్టుబట్టినా సాగనివ్వలేదు. మూతపడ్డ డిపోలు 2024లో గానీ మళ్లీ తెరుచుకోలేదు.

అందుకే మనం అడిగేది స్పష్టంగా అడుగుదాం. మనిషికి 5 కిలోలు, అంత్యోదయ ఇంటికి 35 కిలోలు, బడి భోజనం, అంగన్‌వాడీ ఆహారం, వీటిలో ఏ ఒక్కటీ తగ్గకూడదు. ఇంట్లో వాళ్లు అడిగితే తప్ప గింజకు బదులు డబ్బు ఇవ్వకూడదు. ఆ హద్దు చట్టంలో రాసి, ఆపైన కలుపుకునే స్వేచ్ఛ రాష్ట్రానికి ఇవ్వాలి. వచ్చిన స్వేచ్ఛను ఎలా వాడారో రాష్ట్రం ప్రతి వార్డులో లెక్క చెప్పాలి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. బియ్యం కార్డు జిరాక్సు పట్టుకుని రండి. మీ ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు ఎంతమందో, అంగన్‌వాడీకి వెళ్లేవాళ్లు ఎంతమందో అర్జీలో రాయండి. రాయడం రానివాళ్లకు పక్కింటి కాలేజీ పిల్లలు రాసిపెట్టండి. ఆ రోజు పని మానలేనివాళ్లు అర్జీని వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. డిపోలో తూకం తగ్గినా, వేలిముద్ర పడలేదని తిప్పి పంపినా 1967కు ఫోన్ చేయండి. ఈ కాగితం చదివాక పారేయకండి, పక్కింటి అక్కకు ఇవ్వండి.

ఇట్లు,
కంచరపాలెం బియ్యం కార్డుదారులు