తుపాకీతో పరోపకారం

మార్చి వచ్చిందంటే అమెరికా పశ్చిమ మైదానాల్లో పరోపకారం మొదలవుతుంది. సౌత్ డకోటా, వాయోమింగ్, మోంటానా గడ్డిభూముల్లో మంచు కరిగి, కొత్త గడ్డి ఇంకా చీలమండ దాకా రాకముందే, బల్లలూ ఇసుక సంచులూ దూరం కొలిచే లేజర్లూ బండికెత్తుకుని జనం బయల్దేరతారు. మూడు నాలుగు వందల గజాల అవతల, బొరియ గట్టు మీద నిలబడి చుట్టూ చూస్తున్న ప్రేరీ డాగ్‌ను పేల్చేస్తారు. పేరులో కుక్క ఉంది గాని అది ఉడుతల కుటుంబానికి చెందిన జీవి. నిలబడితే అడుగు ఎత్తు, మూడు నాలుగు అంగుళాల వెడల్పు. ఎందుకయ్యా దీన్ని చంపడం అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: ఇది చీడ, పశువుల గడ్డి తినేస్తుంది, మేం రైతుకు సాయం చేస్తున్నాం. ముచ్చటా తీరింది, పుణ్యమూ దక్కింది! అక్కడ స్థిరపడి తుపాకీ కొనుక్కున్న మన కుర్రాళ్లు కొందరు కూడా ఇదే పాఠం అప్పజెబుతున్నారు.

అదే నోటితో ఇంకో మాట కూడా అంటారు. ఎంత కాల్చినా ఇవి తరగవు, మళ్లీ పుట్టుకొస్తాయి, మా వల్ల వాటికొచ్చిన నష్టమేమీ లేదని. పాఠకులే చెప్పాలి. తరగకపోతే రైతుకు జరిగిన సాయం ఏమిటి? తరిగితే నష్టం లేదన్న మాట ఏ గంగలో కలిసింది? రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. అయినా రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పేస్తారు, వినేవాళ్లు తలలూపేస్తారు.

మొదట ఆ తరగకపోవడం సంగతి చూద్దాం. ప్రేరీ డాగ్ అనగానే ఎలుకలా ఏడాది పొడుగునా ఈనుతుందని వీళ్ల ఊహ. నల్లతోక ప్రేరీ డాగ్ ఏడాదికి ఒక్కసారే ఈనుతుంది. ఆడది ఎదకొచ్చేది ఏడాదికి ఒక్క రోజు, అందులోనూ కొన్ని గంటలు. సౌత్ డకోటాలోని విండ్ కేవ్ జాతీయ పార్కులో పరిశోధకుడు జాన్ హూగ్లాండ్ ఏళ్ల తరబడి కూర్చుని, ఒక్కో జంతువునూ గుర్తుపట్టి రాసిన లెక్కలివి. చూలు ముప్పై నాలుగు, ముప్పై అయిదు రోజులు. ఆ తర్వాత ఆరు వారాల పాటు పిల్లలు బొరియలోనే ఉంటాయి. చివరికి వెలుగు చూసేవి ఈతకు సగటున మూడు. పుట్టినవాటిలో చాలావాటిని సాటి ప్రేరీ డాగ్‌లే చంపేస్తాయి. పుట్టలు పుట్టలుగా పుట్టుకొచ్చే జీవి లక్షణాలేనా ఇవి?

కాల్పుల తర్వాత ప్రేరీ డాగ్‌ల కాలనీ ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, పరీక్షించి చూశారు. వాయోమింగ్ ఈశాన్య భాగంలో పరిశోధకులు జొనాథన్ పౌలి, స్టీవెన్ బస్కర్క్ కొన్ని కాలనీల్లో కాల్పులు జరిపించి, కొన్నింటిని అలాగే వదిలి, రెంటినీ పోల్చారు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. చచ్చినవి సరే, బతికినవి ఏమయ్యాయన్నదే అసలు విషయం. తల ఎత్తి కాపు కాయడం ఎనిమిది రెట్లు పెరిగింది. మేత మేసే సమయం 66 శాతం పడిపోయింది. ఒంటి పుష్టి 35 శాతం తగ్గింది. మరుసటి ఏడు చూలు కట్టినవి సగమయ్యాయి, పుట్టిన సంతానం 82 శాతం తగ్గింది. కాలనీ పలచబడితే మిగిలినవి పుష్టిగా మేసి ఎక్కువ కంటాయన్న సిద్ధాంతం అక్కడే కూలింది.

దీని మీదికి తప్పనిసరిగా ఒక ఎదురు ప్రశ్న వస్తుంది: అయితే మా మందు పనిచేస్తున్నట్టేగా? పనిచేస్తోంది, కాదనను. ఎలా పనిచేస్తోందో కూడా మీ నోటితోనే చెప్పండి. తొలి వసంతంలో గట్టు మీద కనిపించే ఆడది చాలావరకు చూలుతోనైనా ఉంటుంది, పాలిస్తూనైనా ఉంటుంది. దాన్ని కొడితే కింద కళ్లు తెరవని, వెంట్రుక మొలవని పిల్లలు ఆకలితో పోతాయి. అవి ఎవరి స్కోరు పుస్తకంలోనూ ఎక్కవు. గడ్డి పొట్టిగా ఉంటుంది, ఎండమావి కదలదు, పాములింకా బయటికి రావు, అందుకే వసంతం మేలు అని చెప్పేవాళ్లు ఈ నాలుగో కారణం ఎందుకు మింగేస్తారు? చీడ నివారణే లక్ష్యమైతే వేట ప్రకటనల్లో మొదట రాయాల్సింది అదే కదా!

నిజంగా చీడను తగ్గించాలనుకునేవాడి పద్ధతి వేరు. గోదావరి డెల్టాలో ఎలుకలు వరి దుబ్బులు కొరికేస్తుంటే రైతులు ఏం చేస్తారు? ఊళ్లో అందరూ ఒకే రోజున, గట్లతో సహా, బ్రోమోడయోలోన్ ఎర పెడతారు. ఎలుకలు పట్టే బుట్టలు పెట్టేవాళ్లను పిలిచి ఎలుకకింత అని కూలి ఇస్తారు. అందులో సరదా లేదు, గురి లేదు, ఫొటో అంతకన్నా లేదు. అమెరికాలోనూ ప్రేరీ డాగ్‌ను నిజంగా వదిలించుకోవాలనుకున్న రైతు ఎక్కువగా చేసేది జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఓట్లు వేయడమే. దానికి అనుమతి జులై 1 నుంచి జనవరి 31 వరకే. ఎందుకంటే పచ్చగడ్డి దొరికే రోజుల్లో ప్రేరీ డాగ్ గింజల జోలికి సరిగా రాదు. చివరికి ఆ విషానికైనా వసంతంలో విరామం ఉంది, చాలాచోట్ల తుపాకీకి లేదు.

అసలు ఇవి రైతుకు చేసే నష్టమెంత? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ప్రభుత్వ జీవశాస్త్రవేత్త సి. హార్ట్ మెరియమ్ 256 ప్రేరీ డాగ్‌లు ఒక ఆవు తినేంత తింటాయని లెక్కగట్టాడు. ఆవు మేసే గడ్డే, ఆవు మేసే చోటే, ఆవు మేసే ఎత్తులోనే ఇవీ మేస్తాయని అనుకుంటే తప్ప నిలవని లెక్క అది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, నూరేళ్లుగా దాన్ని తిరగేసి చూసినవాళ్లు తక్కువ. కొలరాడో గడ్డిభూముల్లో డెర్నర్ పరిశోధక బృందం 2006లో అచ్చువేసిన ఫలితం ప్రకారం, మేతభూమిలో 20 శాతాన్ని ఈ కాలనీలు ఆక్రమిస్తే దూడల బరువు పెరుగుదల విలువ తగ్గేది 5.5 శాతం. 60 శాతం ఆక్రమించినా తగ్గేది 14 శాతమే. నష్టం లేదని నేననడం లేదు, కరువు ఏట అది రైతుకు నొప్పే. కానీ గడ్డి మొత్తం ఊడ్చేస్తుందన్న కథకూ ఈ అంకెలకూ పొంతన ఎక్కడ?

ఇక గురి గొప్పలు. ఇంత దూరం నుంచి కొట్టడం నైపుణ్యం, ఒక్క దెబ్బకు పోతుంది, బాధ ఉండదు అంటారు. వీళ్లకు ప్రియమైన 223 రెమింగ్టన్ రకం తూటానే తీసుకోండి. 55 గ్రెయిన్ల తూటా సెకనుకు 3,240 అడుగుల వేగంతో గొట్టం దాటుతుంది. 500 గజాలు చేరేసరికి సెకనులో మూడింట రెండు వంతులు గడుస్తుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలి వీస్తే దాదాపు మూడడుగులు పక్కకు పోతుంది. అంటే గాలిని గంటకు ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే తేడా మూడున్నర అంగుళాలు. జంతువు వెడల్పు ఎంత? అంతే. లేజర్ దూరం చెబుతుంది గాని, దారి పొడుగునా ఏ పల్లంలో గాలి ఎటు తిరిగిందో చెప్పదు. అందుకే మొదటి తూటా లేపిన దుమ్ము చూసి రెండోదాన్ని సరిచేసుకుంటారు. ఆ మొదటిది దుమ్ములో కాక కాలికి తగిలితే? జంతువు బొరియలోకి జారిపోతుంది. అయిదు వందల గజాలు నడిచి వెళ్లి చూసేదెవరు? కాయితం మీద గుండ్రాలు గీసి కొడితే ఈ విద్య నిజంగా గొప్పదే. కాయితానికి నొప్పి లేదు.

చచ్చినవాటిని తీసుకెళ్లేవాళ్లు అరుదు. గద్దలూ డేగలూ బ్యాడ్జర్లూ తింటాయిలెమ్మంటారు. తింటాయి, సీసంతో సహా. పౌలి, బస్కర్క్ ఇద్దరూ ఇదీ చూశారు. ఒంట్లో పగిలి విచ్చుకునే తూటాలతో చచ్చిన కళేబరాల్లో 87 శాతంలో తూటా ముక్కలు దొరికాయి. విచ్చుకోని తూటాలతో చచ్చినవాటిలో 7 శాతంలోనే. ఈ వేటలో అందరూ వాడేది మొదటి రకమే.

జింకకైనా టర్కీ కోడికైనా పిల్లలను సాకే కాలంలో విరామం ఇవ్వడం అమెరికా వేటగాళ్లు తామే గర్వంగా చెప్పుకునే నియమం. కొలరాడో ఆ నియమాన్ని ప్రేరీ డాగ్‌కూ వర్తింపజేసింది, ప్రభుత్వ భూముల్లో మార్చి 1 నుంచి జూన్ 14 వరకు కాల్పులు నిషేధించింది. సొంత భూముల్లో మాత్రం ఆ అడ్డు లేదు. అక్కడికి వెళ్లాలంటే మటుకు చాలాచోట్ల డబ్బు కట్టాలి. వేట ఏర్పాట్లు చేసే వ్యాపారులు రోజుకింత అని రేటు పెట్టి, ఈ మధ్య ఎవరూ కాల్చని కాలనీలున్నాయని ఊరిస్తారు, ఒకచోట పలచబడితే దానికి విశ్రాంతినిచ్చి ఇంకోచోటికి తీసుకెళ్తారు. చేలో మందు కొట్టడానికి వచ్చినవాడు రైతుకు ఎదురు డబ్బిచ్చి పోవడం, మళ్లీ ఏడాదికి చీడ ఏపుగా పెరగాలని రైతు చేను బీడు పెట్టడం మీరెక్కడైనా చూశారా?