పొరుగాటకు టిక్కెట్టు

ఒక కాలేజీని దాని పిల్లలు ఎంతవరకు తమదనుకుంటున్నారో తెలుసుకోవడానికి ర్యాంకుల పట్టికలు అక్కర్లేదు. ఆ కాలేజీ జట్టు పొరుగూరిలో ఆడేరోజున గట్టుమీద వాళ్ళ తరఫున ఎంతమంది నిలబడ్డారో లెక్కపెడితే చాలు. సొంత ఊళ్ళో ఆటకు జనం రావడానికి సవాలక్ష కారణాలుంటాయి. క్లాసు లేకపోవడం, స్నేహితులు లాక్కెళ్ళడం, సాయంత్రం పొద్దుపోకపోవడం. డబ్బు పెట్టుకుని, ప్రయాణం చేసి, ఓడిపోతే నలుగురి నవ్వులూ భరించడానికి సిద్ధపడి పొరుగూరు వెళ్ళడానికి మాత్రం ఒక్కటే కారణం. ఆ జట్టు నాది అనుకోవడం.

ఈ ఆలోచనకు కారకుడు మా అబ్బాయి. వాడు అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఒక శుక్రవారం ఫోను చేసి, "నాన్నా, రేపు మా యూనివర్సిటీ జట్టు పక్క రాష్ట్రంలో ఆడుతోంది. టిక్కెట్లు దొరికాయి. నలుగురం కలిసి కారులో వెళ్తున్నాం" అన్నాడు. ఎంతసేపు ప్రయాణంరా అంటే ఆరు గంటలన్నాడు. టీవీలో రాదా అని అడిగాను. "వస్తుంది. కానీ అక్కడ మావాళ్ళు తక్కువమంది ఉంటారు కదా నాన్నా!" అన్నాడు.

ఈ జవాబులోని తర్కం నాకు నచ్చింది. మనవాళ్ళు తక్కువగా ఉన్నచోటికే మనం వెళ్ళాలన్నది చిన్న మాట కాదు. అయితే ఇంకొక సంగతి గుచ్చుకుంది. వాడు ఆ విశ్వవిద్యాలయంలో చేరి ఏడాదిన్నరే అయింది. అప్పుడే 'మావాళ్ళు' అంటున్నాడు. ఇక్కడ నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివినప్పుడు తన కాలేజీ జట్టు గురించి వాడి నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. ఎందుకని? ఈ టపా ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే బంతాట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే, ఒకరినొకరు గుద్దుకునే ఆట. అక్కడ కాలేజీ జట్ల ఆటలకు వచ్చే జనాన్ని మనం ఊహించడం కష్టం. మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో మా గుడివాడ పట్టణపు జనాభా సుమారు 1,18,000. అంటే ఇంచుమించు గుడివాడ గుడివాడంతా ఒక కాలేజీ మైదానంలో సరిపోతుందన్నమాట! సొంత మైదానంలో ఆడేది 'హోమ్ గేమ్', అవతలివారి మైదానానికి వెళ్ళి ఆడేది 'ఎవే గేమ్'. మన వాడుకకు వీటిని ఇంటాట, పొరుగాట అందాం.

పొరుగాట టిక్కెట్లు అమ్మే పద్ధతి ఆసక్తికరంగా ఉంటుంది. ఆతిథ్యమిచ్చే కాలేజీ తన స్టేడియంలో కొన్ని కుర్చీలను విడిగా ఉంచి, వాటి టిక్కెట్లను వచ్చే జట్టు కాలేజీకి అప్పగిస్తుంది. పెద్ద జట్ల మధ్యనైతే అవి వేలల్లో ఉంటాయి. వచ్చే కాలేజీ వాటిలోంచి ఆటగాళ్ళ కుటుంబాలకు, బ్యాండు మేళానికి, విద్యార్థులకు కొన్ని తీసిపెట్టి మిగిలినవి తన అభిమానులకు అమ్ముతుంది. ఆటలు శరదృతువులోనైనా దరఖాస్తులు నెలల ముందే పెట్టుకోవాలి. అడిగినవారు ఎక్కువైతే, ఎన్నేళ్ళుగా టిక్కెట్లు కొంటున్నారు, కాలేజీకి ఎంత విరాళమిచ్చారు అని పాయింట్లు లెక్కగట్టి ఆ వరుసలో ఇస్తారు. అమ్ముడుపోనివి ఆతిథ్య కాలేజీకి తిరిగి వెళ్ళిపోతాయి. ఇంతా చేసి దొరికే కుర్చీలు చాలాచోట్ల ఏ మూలనో, ఏ పైవరుసలోనో ఉంటాయి. అయినా జనం వెళ్తారు.

ఈ అలవాటు ఆటంత పాతది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మొదటిదిగా లెక్కించే ఆట 1869 నవంబరు 6న న్యూజెర్సీలోని రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగింది. ప్రిన్స్‌టన్ ఆటగాళ్ళూ, వాళ్ళ వెంట వచ్చిన తోటి విద్యార్థులూ ఆ పొద్దున రైలెక్కి రట్గర్స్‌కు వచ్చారు. స్టేడియం లేదు, టిక్కెట్టు లేదు. చూసినవారు ఓ వందమంది ఉంటారేమో. రట్గర్స్ 6-4 తేడాతో గెలిచింది. వారం తర్వాత ప్రిన్స్‌టన్‌లో తిరుగు ఆట జరిగితే ప్రిన్స్‌టన్ 8-0తో బదులు తీర్చుకుంది. మీరు మా ఊళ్ళోకి వచ్చారు కాబట్టి మేం మీ ఊళ్ళోకి వస్తాం. పేరంటానికి పిలిచినవారి ఇంటికి మనం తిరిగి వెళ్ళడం వంటిదే ఇది.

అక్కడంతా బాగుందని నేననడం లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. మంచి కుర్చీ కావాలంటే ముందు విరాళమివ్వాలన్న పద్ధతి పాతుకుపోయింది. అలాంటి విరాళంలో 80 శాతానికి ఒకప్పుడు పన్ను మినహాయింపు కూడా ఉండేది. 2017లో చేసిన పన్నుల చట్టం దాన్ని తీసివేసింది. విరాళం పెట్టలేని విద్యార్థులు అంతర్జాలంలో మారుబేరం టిక్కెట్లు వెతుక్కోవాలి. ఆ ధరలు జట్టు గెలుపోటములను బట్టి గంటగంటకూ మారుతుంటాయి. ఇక టీవీ డబ్బు కోసం కాలేజీలు పాత పొరుగులను వదిలి దూరపు కూటముల్లో చేరిపోతున్నాయి. 2024లో లాస్ ఏంజలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. రట్గర్స్ ఉన్న కూటమిలో చేరింది. ఆ ఏడాది అక్టోబరు 19న ఆ జట్టు ఖండం ఆ చివరినుండి ఈ చివరికి విమానంలో వచ్చి రట్గర్స్‌తో ఆడి గెలిచింది. 1869లో రైలు దిగిన పిల్లలు చేసినపని ఇప్పుడు ఎంతమంది విద్యార్థులు చేయగలరు? పొరుగు దూరమైతే పొరుగాట ధనవంతుల విలాసమవుతుంది.

ఇన్ని వికారాల మధ్య కూడా ఆ పద్ధతిలో ఒక్కటి చెడకుండా నిలిచింది. నన్ను ఆకట్టుకున్నదీ అదే. తన ఓటమిని కోరి వచ్చేవాడికి ఇంటివాడు కుర్చీ వేసి ఉంచడం! ఆలోచించండి. వచ్చినవాడు మా జట్టు తప్పటడుగు వేస్తే కేరింతలు కొడతాడు. మేం గెలిచే ఘడియలో మౌనంగా కూర్చుంటాడు. అయినా అతని కోసం కొన్ని వరుసలు కేటాయించి, ఆ టిక్కెట్లు అతని కాలేజీ చేతికే ఇస్తాం. ప్రత్యర్థి అంటే శత్రువు కాడని వంద ఉపన్యాసాల్లో చెప్పేకన్నా ఆ కుర్చీలు బాగా చెబుతాయి.

ఇటువంటి ప్రయాణాలు మన దేశంలో లేవా అంటే ఉన్నాయి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరిగింది. ఒకవైపు మన హైదరాబాద్ ఎఫ్.సి., మరోవైపు కేరళ బ్లాస్టర్స్. కోవిడ్ వల్ల ఆ ఏటి ఆటలు ప్రేక్షకులు లేకుండా నడిచాయి. ఫైనల్‌కు మాత్రం తలుపులు తెరిచారు. కేరళనుండి జనం వేలాదిగా తరలివచ్చారు. స్టేడియంలో ఎటు చూసినా వాళ్ళే. ఆట 1-1గా ముగిశాక పెనాల్టీల్లో గోలీ కట్టిమణి మూడు బంతులు ఆపాడు, హైదరాబాద్ 3-1తో కప్పు గెలుచుకుంది. పరాయి జనసముద్రం మధ్య సాధించిన గెలుపది. మూడేళ్ళు తిరిగాయి. ఆర్థికంగా చితికిన ఆ క్లబ్బు చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది. కారణం డబ్బేనన్నది నిజమే. కానీ రహీం సాబ్ శిక్షణలో 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయికి వెళ్ళి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చిన హైదరాబాద్ పోలీసు జట్టు పుట్టిన నగరం, తన క్లబ్బు వెళ్ళిపోతుంటే ఎంత గొంతెత్తింది? వెంట నడిచే జనం లేని జట్టును ఎవరైనా ఎక్కడికైనా తీసుకుపోవచ్చు.

ఇక మా డెల్టాకు వద్దాం. మా గుడ్లవల్లేరు గుడివాడ–బందరు రైలుదారిలో ఉంది. ఊళ్ళో 1998లో వెలసిన ఇంజనీరింగు కాలేజీ ఉంది. గుడివాడలో 1950లో స్థాపించిన ఏ.ఎన్.ఆర్. కాలేజీ ఉంది. బందరులో నోబుల్ కాలేజీ ఉంది, దాని మూలాలు 1843 దాకా వెళ్తాయి. కాలేజీలకు కొదవలేదు. వాటిలో కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లలకూ కొదవలేదు. కొదవల్లా చూసేవారికే.

దీనికి కారణం పిల్లల నిరాసక్తత అని తేల్చేయడం సులువు. నాకలా తోచదు. పోటీలు నడిపే తీరులోనే లోపముంది. మన దగ్గర విశ్వవిద్యాలయ స్థాయి పోటీలంటే, ఏదో ఒక కాలేజీలో రెండు మూడు రోజులపాటు జట్లన్నీ చేరి, పొద్దుటినుండి పొద్దుగూకేదాకా ఒకదాని తర్వాత ఒకటి ఆడేసి, ఓడినవారు ఓడినట్టే బస్సెక్కడం. అందులో ఇంటాటా లేదు, పొరుగాటా లేదు. పైగా మా ఊరి ఇంజనీరింగు కాలేజీ కాకినాడ జె.ఎన్.టి.యు. పరిధిలోది, గుడివాడ కాలేజీ కృష్ణా విశ్వవిద్యాలయం పరిధిలోది. రెండు విశ్వవిద్యాలయాలూ 2008లో ఏర్పడ్డవే. దాంతో పక్కపక్కనే ఉన్న ఈ రెండు కాలేజీలు విశ్వవిద్యాలయ పోటీల్లో ఎదురుపడవు! పొరుగువాడితో ఆడనివాడికి పొరుగాట రుచి ఎలా తెలుస్తుంది?

మనవాళ్ళకు ఆ గుణమే లేదనడానికి వీల్లేదు. గుడివాడలో సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ సంగతి తెలుసు. దూరపు జిల్లాలనుండి ఒంగోలు గిత్తల జత వస్తే, వాటితోపాటు ఊరినుండి కొందరు వచ్చి దిగుతారు. తమ జత బండ కదిలించినప్పుడు వాళ్ళు పెట్టే కేకలు వినాలి. వాళ్ళనెవరూ పిలవలేదు, ఎవరూ దారిఖర్చులివ్వలేదు. మా ఊరి జత ఒంటరిగా లాగకూడదని వచ్చారు. మా అబ్బాయి ఆరు గంటలు ప్రయాణం చేసింది కూడా ఇందుకే. ఎద్దుల వెంట నడిచిన మమకారం మన కాలేజీ పిల్లల వెంట నడవకపోవడమే నా బాధ. రాష్ట్రస్థాయికి ఎదిగిన కబడ్డీ ఆటగాడు మన మధ్యే తిరుగుతుంటే అతని క్లాసువాళ్ళకే తెలియని స్థితి. నాలుగేళ్ళు చదివిన కాలేజీతో ఆ తర్వాత మిగిలే సంబంధం సర్టిఫికెట్ల కోసం రావడం ఒక్కటే.

నా ప్రతిపాదన చిన్నది. గుడ్లవల్లేరు, గుడివాడ, బందరు. మూడు ఊళ్ళనుండి మూడు కాలేజీలు. అబ్బాయిలకు కబడ్డీ, అమ్మాయిలకు వాలీబాల్. ప్రతి జట్టూ మిగిలిన రెండింటితో ఒకసారి ఇంట్లో, ఒకసారి పొరుగున ఆడాలి. ఏడాదికి ఆరు శనివారాలు, ఒక్కో కాలేజీలో రెండేసి. విశ్వవిద్యాలయాల అనుమతులూ పతకాలూ అవసరం లేదు. మూడు కాలేజీల ప్రిన్సిపాళ్ళు ఒకచోట కూర్చుని టీ తాగితే తేలే పని. టిక్కెట్టు ఇరవై రూపాయలు. గట్టుమీద మూడోవంతు చోటు వచ్చే కాలేజీకి విడిగా ఉంచాలి, ఆ టిక్కెట్లు ఆ కాలేజీవారే తమ పిల్లలకు అమ్ముకోవాలి. వచ్చిన డబ్బు వచ్చే జట్టు దారిఖర్చులకూ భోజనాలకూ పోవాలి. విరాళాలకు పాయింట్లు గీయింట్లు వద్దు, ముందు వచ్చినవారికి ముందు. మిగిలినవారు రైలెక్కి వచ్చి నిలబడి చూస్తారు.

ఉచితంగా చూపించవచ్చు కదా అంటారేమో. ఉచితమైతే వస్తామన్నవాడు రాకపోయినా అడిగే నాథుడుండడు. ఇరవై రూపాయలు పెట్టి కొన్నవాడు తన పేరు రాయించుకున్నట్టు. గొడవలవుతాయంటారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాలేజీల మధ్య కొట్లాటలు మనకు కొత్త కాదు. కానీ రోడ్డుమీద ఎదురైన అపరిచితుడికీ, మనం కుర్చీ వేసి కూర్చోబెట్టినవాడికీ తేడా ఉంది. వేరు దారి, వేరు వరుసలు, ఆట అయ్యాక వచ్చినవారికి ముందు భోజనం. మా వైపు పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారితో ఎంత పేచీ వచ్చినా బంతిభోజనం దగ్గర మర్యాద తప్పని జనమే కదా మనం! ఇక చదువులు పాడవుతాయనేవారికి జవాబు లెక్కల్లోనే ఉంది. ఒక్కో జట్టుకు ఏడాదిలో నాలుగు శనివారాలు. అంతమాత్రానికే కూలిపోయే చదువైతే దాన్ని ముందే కాస్త అనుమానించాలి.

ఆటగాడికి గెలుపు ఎంత అవసరమో సాక్షి అంత అవసరం. పరాయి మైదానంలో పాయింటు సాధించి తలెత్తినప్పుడు, ఆ మూలనుండి నలభైమంది తన పేరు పెట్టి అరిస్తే ఆ పిల్లవాడు దాన్ని ముసలితనం దాకా మోసుకుపోతాడు. అరిచిన నలభైమందీ అంతే. కాలేజీ 'మాది' అయ్యేది అక్కడ. మనం ఆ అవకాశం ఇవ్వకపోతే పిల్లలు దాన్ని మరో దేశంలో, మరొకరి రంగు చొక్కా వేసుకుని వెతుక్కుంటారు. వెతుక్కుంటున్నారు కూడా.

మిత్రులారా, మీ కాలేజీ జట్టు పొరుగూరిలో ఆడినప్పుడు మీలో ఎవరైనా వెంట వెళ్ళారా? వెళ్ళివుంటే ఏ ఊరికి, ఏ ఆటకు, ఎలా వెళ్ళారో చెప్పండి. ప్రిన్సిపాళ్ళ దగ్గరకు వెళ్ళేటప్పుడు చూపించడానికి నాకు నాలుగు ఉదాహరణలు కావాలి.