లోకము నీదేనా?

1983లో వచ్చిన ‘స్కార్‌ఫేస్’ అను అమెరికా చిత్రము రక్తపాతముతోను, బూతుమాటలతోను నిండినది. కుటుంబముతో చూడదగినది కాదు. అయినను అందులోని ఒక తల్లిని గూర్చి మనము ఆలోచింపవలెను.

1980లో క్యూబా నుండి శరణార్థిగా మయామీ చేరిన టోనీ మొదట అంట్లు తోమును. పిమ్మట కొకైను అమ్మి పైకి వచ్చును. ఆకాశములో తేలు బెలూనుపై ‘లోకము నీదే’ అను మాటలు చూచి, అవి తన కొరకే అనుకొనును. ఫ్యాక్టరీలో కష్టపడు తల్లికి వెయ్యి డాలర్లు ఇయ్యగా, ఆమె అది ఎక్కడిదని నిలదీసి, పుచ్చుకొనక, అతనిని వెళ్లగొట్టును. చెల్లెలు మాత్రము ఆశపడును. తుదకు స్నేహితుడు పోయెను, చెల్లెలు పోయెను. అవే మాటలున్న గోళము క్రింద, నీటిలో టోనీ శవమై తేలెను. మార్కు 8:36లో ప్రభువు వేసిన ప్రశ్నకు వేరే జవాబు కావలెనా?

మన బిడ్డ జీతమునకు మించిన సొమ్ము తెచ్చినప్పుడు, ‘దేవుడు దీవించెను’ అని సంఘములో సాక్ష్యము చెప్పకముందు, ‘ఎక్కడిది నాయనా?’ అని అడుగుచున్నామా? దశమభాగము తీసినంత మాత్రమున అది పరిశుద్ధమగునా?

ఆ తల్లి కుమారుని కాపాడలేకపోయెను గాని అతని పాపములో పాలు పొందలేదు. మనము ఆలస్యము కాకముందే, ప్రేమతో అడుగుదము.