ఫుట్‌బాల్ పతనానికి బాధ్యులెవరు?

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1963లో రహీం కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన జాతీయ టోర్నీ సంతోష్ ట్రోఫీ మళ్లీ తెలుగు నేలకు రాలేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

ఈ పతనానికి ఆటగాళ్లను నిందించడం అన్యాయం. మొదటి తప్పు క్రీడా సంఘాలది. రహీం ఒక్కరి ప్రతిభ మీద ఆధారపడ్డాయే తప్ప, ఆయన తర్వాత ఆ స్థాయి శిక్షకులను తయారు చేసుకోలేదు. రెండో తప్పు మైదానాలను కాపాడలేని ప్రభుత్వాలది. మూడోది విద్యాసంస్థలది. ఒకప్పుడు జట్లకు కుర్రాళ్లను అందించిన కళాశాలలు నేడు ర్యాంకుల వేటలో ఆటల పీరియడ్‌నే మింగేశాయి. పిల్లల్ని ఆ వేటలోకి నెడుతున్న తల్లిదండ్రులుగా మనకూ ఇందులో వాటా ఉంది.

ఈ తప్పులను దిద్దుకునే అవకాశం ఇంకా ఉంది. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్, పటాన్‌చెరు ప్రాంతంలో వేలాది కార్మిక కుటుంబాల పిల్లలున్నారు. ఫుట్‌బాల్‌కు కావలసింది ఒక బంతి, కాస్త ఖాళీ స్థలమే. లేఅవుట్లలో వదిలిన ఖాళీ జాగాలను అధికారులు మైదానాలుగా కాపాడాలి. పరిశ్రమలు తమ సామాజిక బాధ్యత నిధులతో శిక్షకులను నియమించాలి. కళాశాలలు ఏటా పోటీలు జరపాలి. ఈ పని ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుకావాలి.