జెల్లీచేపల మీద మోపిన నేరం

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర టీ కొట్టులో ఒక పెద్దాయన తేల్చేశారు: "బందరు వలల్లో చేప తగ్గిందంటే జెల్లీచేపల వల్లే. పిల్లచేపల్నీ, వాటి మేతనీ మింగేస్తున్నాయి. అన్నిటినీ పట్టి అమ్మేస్తే సముద్రం బాగుపడుతుంది."

మేత సంగతి నిజమే. కోపీపాడ్ల వంటి జంతుప్లవకాలు, చేప గుడ్లు, గుడ్డు నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలు జెల్లీచేపకు ఆహారం. కవళ్లు, నెత్తళ్లు బతికేదీ ఆ ప్లవకాల మీదే. 1980ల్లో ఓడల బరువునీటితో నల్లసముద్రం చేరిన నెమియాప్సిస్ అనే, జెల్లీచేపలకు దూరపు చుట్టమైన జీవి విజృంభించినప్పుడు అక్కడి నెత్తళ్ల వేట కుప్పకూలింది.

కానీ అప్పటికే ఆ సముద్రం నదులు తెచ్చిన ఎరువులతో చెడిపోయి ఉంది. పెద్ద చేపల్ని మనిషి ముందే ఊడ్చేశాడు. ఖాళీ అయిన పంక్తిలో ఆ జీవి వచ్చి కూర్చుంది. 1997లో దాన్ని తినే బెరోయి అనే మరో జీవి వచ్చాకే దాని ఉధృతి తగ్గింది. అదుపు చేసింది వల కాదు, వేటాడే జీవి.

మన కృష్ణా నదినే చూడండి. ఆనకట్టలు ఒండ్రును ఆపుతున్నాయి. వాటి వెనక నిలిచిన నీటిలో సిలికా కూడా చిక్కుతుంది. పొలాల యూరియా, పట్టణాల మురుగు మాత్రం డ్రెయిన్ల వెంట సముద్రంలోకి దిగుతున్నాయి. సిలికా తక్కువై నత్రజని ఎక్కువైన చోట, సిలికాతో గుల్ల కట్టుకునే డయాటంలు వెనకబడి సన్న వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటిని తినే జంతుప్లవకాలూ చిన్నవవుతాయి. కంటితో చూసి వేటాడే చేపకు అది నష్టం. తగిలిందల్లా పట్టుకునే జెల్లీచేపకు అది లాభం.

పట్టి అమ్మడం కొత్తేమీ కాదు. మన తీరంలో క్రాంబియొనెల్లా జాతిని పట్టి, ఉప్పు, పటికలో ఊరబెట్టి తూర్పు ఆసియాకు పంపుతున్నారు. అది మత్స్యకారుడికి నాలుగు డబ్బులిస్తే సంతోషమే. దాన్ని సముద్రానికి వైద్యం అనడమే తప్పు. చాలా జాతుల్లో జెల్లీచేపలకు జన్మనిచ్చే పాలిప్‌లు అడుగున రాళ్లకూ గుల్లలకూ అంటుకుని ఉంటాయి. పైన తేలే గొడుగులే వలలో పడతాయి, వేరు అక్కడే ఉంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధాన్ని నిజాయితీగా పాటించడం, పిల్లచేపల్ని ఊడ్చే సన్నకళ్ల వలలు మానడం, జెల్లీచేపల్ని తినే తాబేళ్లను వలల్లో చావనివ్వకపోవడం, మురుగును శుద్ధి చేశాకే కాలువలోకి వదలడం: వైద్యం అంటే ఇది. పెద్దాయనా, నేరస్థుణ్ణి సముద్రంలో వెతక్కండి. మనం టీ తాగిన చోటుకు దగ్గర్లోనే బందరు కాలువ ఉంది. అందులో మనం వదిలిందే సముద్రం తాగుతోంది.